ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు: ప్రోటీన్, కొవ్వు మన ఒంట్లో ఏం చేస్తాయి?

ఆరోగ్య లక్ష్మి లబ్ధిదారుల కోసం పోషకాహార పాఠం

గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లల తల్లులు తప్పక చదవండి. అత్తమ్మలకు, అమ్మమ్మలకు, ఇంట్లో సామాను తెచ్చే మగవాళ్లకు చదివి వినిపించండి.



పథకాల గురించి రాసే పని మీద అంగన్‌వాడీ కేంద్రాలకు వెళ్తుంటాను. ఒక ఊళ్లో చూసిన సంగతి చెప్తాను. మధ్యాహ్నం భోజనం పెట్టారు. ఏడో నెల గర్భిణి ఒకామె అన్నం, పప్పు తిన్నది, పాలు తాగింది. గుడ్డు మాత్రం మెల్లగా కొంగులో కట్టుకుంది. ఆయమ్మ చూసి అడిగితే, ఇంటికాడ పెద్దోడున్నడని, వాడికి పెట్టకుండా తనకు గొంతు దిగదని చెప్పింది. ఆ మాటకు ఆయమ్మ ఏమీ అనలేకపోయింది. ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు.

ఆ అక్కను తప్పుపట్టలేం. తల్లి మనసు అట్లాగే ఉంటుంది. కానీ ఆ గుడ్డు ఆమె ఒంట్లో చేయాల్సిన పని ఏంటో, అది పడకపోతే ఏమవుతుందో, పెద్దోడికి వేరే దారి ఏముందో తెలిస్తే ఆమె నిర్ణయం మారొచ్చు. అందుకే ఈ పాఠం.

1. పథకం కింద మీకు వచ్చేది ఏంటి?

తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి 2015 జనవరి 1న మొదలైంది. అంగన్‌వాడీలో పేరు నమోదైన గర్భిణులకు, కాన్పయ్యాక ఆరు నెలల వరకు బాలింతలకు ఒక పూట నిండు భోజనం పెడతారు. అన్నం, ఆకుకూర పప్పు లేదా సాంబారు, కూరగాయలు, ఒక ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. దీన్ని కేంద్రంలోనే కూర్చోబెట్టి తినిపించాలన్నది పథకంలోని ముఖ్యమైన నియమం.

ఇది ఎవరి దయా కాదు, మీ హక్కు. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం గర్భిణికి, కాన్పు తర్వాత ఆరు నెలల వరకు తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. అందులో 600 కిలో క్యాలరీల శక్తి, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఉండాలని 2013లో చట్టం వచ్చినప్పుడే అందులో రాశారు.

ఇక ఈ ప్రోటీన్ అంటే ఏంటో, కొవ్వు అంటే ఏంటో చూద్దాం.

2. ప్రోటీన్: ఒళ్లు కట్టే ఇటుక

ప్రోటీన్‌ను బడి పుస్తకాల్లో మాంసకృత్తులు అంటారు. పేరులో మాంసం ఉన్నా ఇది మాంసంలోనే ఉండదు. గుడ్డు, పాలు, పెరుగు, చేప, కందిపప్పు, పెసర్లు, శనగలు, బొబ్బర్లు, పల్లీలు, సోయా అన్నింట్లో ఉంటుంది. బియ్యంలో, జొన్నల్లో కూడా కొంత ఉంటుంది.

మనం తిన్న ప్రోటీన్ కడుపులో, పేగుల్లో చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఈ ముక్కలను అమైనో ఆమ్లాలు అంటారు. పాత గోడ విప్పి, ఆ ఇటుకలతో కొత్త గోడ కట్టినట్టు, ఒళ్లు ఈ ముక్కలతో తనకు కావలసింది కట్టుకుంటుంది. కండలు, చర్మం, వెంట్రుకలు, రోగాలతో పోరాడే శక్తి, కడుపులో బిడ్డ, బిడ్డకు తిండి చేరవేసే మాయ, అన్నీ ఇట్లా కట్టినవే. రక్తంలో హిమోగ్లోబిన్ కూడా ఒక ప్రోటీనే. ఐరన్ మాత్ర ఇనుమునే ఇస్తుంది. ఆ ఇనుమును పట్టుకునే ప్రోటీన్ తిండి నుంచే రావాలి.

ఈ ముక్కలు మొత్తం 20 రకాలు. వాటిలో 9 రకాలను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండితోనే రావాలి. గుడ్డులో, పాలలో ఆ తొమ్మిదీ సరిపడా ఉంటాయి. బియ్యంలో లైసిన్ అనే రకం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో మెథియోనిన్ అనే రకం తక్కువ, బియ్యంలో అది ఉంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మన పప్పన్నం, కిచిడీ, ఇడ్లీ, పెసరట్టు ఉప్మా అన్నింట్లో ఉన్న కిటుకు ఇదే.

ఒక ముఖ్యమైన సంగతి. కొవ్వును ఒళ్లు దాచుకుంటుంది, ప్రోటీన్‌ను అట్లా దాచుకోలేదు. ఆదివారం కోడికూర కడుపునిండా తిని, మిగతా వారమంతా చారన్నంతో గడిపితే లోటు తీరదు. ఏ రోజుది ఆ రోజు పడాలి. గుడ్డు రోజూ ఇచ్చేది అందుకే.

3. కొవ్వు: శత్రువు కాదు, కానీ కొలత కావాలి

కొవ్వు అనగానే లావు, గుండెపోటు అని భయపడతాం. కానీ కొవ్వు లేకుండా ఒళ్లు నడవదు. అది చేసే పనులు ఇవి:

• శక్తి: ఒక గ్రాము కొవ్వులో 9 కిలో క్యాలరీలు ఉంటాయి. అన్నంలోని పిండి పదార్థంలో, ప్రోటీన్‌లో గ్రాముకు 4 మాత్రమే.
• విటమిన్లు: ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడతాయి. పాలకూరలో, క్యారెట్‌లో ఉన్న సత్తువ దక్కాలంటే తాలింపులో రెండు చుక్కల నూనె ఉండాలి.
• మెదడు: నీటిని తీసి చూస్తే, మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన మొదటి రెండేళ్లలో మెదడు వేగంగా పెరుగుతుంది.
• తల్లి పాలు: తల్లి పాల నుంచి బిడ్డకు వచ్చే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది.

కొవ్వు రెండు రకాలుగా మన కడుపులోకి పోతుంది. నూనె, నెయ్యి, వెన్న, డాల్డా లాంటివి కంటికి కనిపించేవి. గుడ్డు సొనలో, పాలలో, పల్లీల్లో, మాంసంలో ఉండేది కనిపించనిది. మనం లెక్క తప్పేది ఎక్కువగా కనిపించే దాని దగ్గరే.

4. ఇంటి దూలం పొయ్యిలో పెట్టొద్దు

ప్రోటీన్, కొవ్వు, అన్నం మూడింటికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఇది జాగ్రత్తగా చదవండి.

ఒంటికి ముందు కావలసింది శక్తి. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, పని చేయాలి. అన్నం, రొట్టె, నూనె ఆ పొయ్యికి కట్టెల్లాంటివి. కట్టెలు చాలకపోతే ఒళ్లు ఊరుకోదు. ఇల్లు కట్టడానికి తెచ్చిన దూలాన్నే తీసి పొయ్యిలో పెడుతుంది. అంటే తిన్న ప్రోటీన్‌ను బిడ్డను కట్టడానికి వాడకుండా శక్తి కోసం కాల్చేస్తుంది. ఇంకా చాలకపోతే తల్లి కండల్నే కరిగిస్తుంది.

కాబట్టి గర్భిణి గుడ్డు ఒక్కటి తిని అన్నం మానేసినా నష్టమే. అన్నం కడుపునిండా తిని గుడ్డు, పప్పు వదిలేసినా నష్టమే. మొదటిదాంట్లో దూలం కాలిపోతుంది. రెండోదాంట్లో పొయ్యి మండుతుంది గానీ ఇల్లు లేవదు. పళ్లెంలో మూడూ ఉండాలి. అంగన్‌వాడీ భోజనం అట్లాగే అమర్చింది.

తల్లికి తిండి చాలకపోతే బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అట్లాంటి బిడ్డకు జబ్బులు తొందరగా అంటుకుంటాయి. తల్లికి నీరసం, రక్తహీనత, కాన్పు తర్వాత కోలుకోవడం ఆలస్యం. కొంగులో పోయిన ఒక్క గుడ్డుతో ఇదంతా జరగదు. కానీ రోజూ పోతే నెలకు ముప్పై గుడ్లు.

5. ఎంత కావాలి? ఒక లెక్క

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశం వాళ్లకు ఎంత తిండి కావాలో లెక్క కట్టింది. 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. దానిపైన:

• గర్భం నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు: ఇంకో 9.5 గ్రాములు
• ఏడో నెల నుంచి కాన్పు వరకు: ఇంకో 22 గ్రాములు
• బాలింత, మొదటి ఆరు నెలలు: ఇంకో 17 గ్రాములు

అంటే ఏడు దాటిన గర్భిణికి రోజుకు దాదాపు 68 గ్రాములు. ఇప్పుడు కేంద్రంలో తినే భోజనం చూద్దాం. 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు అనుకుంటే:

• అన్నం: సుమారు 11 గ్రాములు
• పప్పు: సుమారు 6.5 గ్రాములు
• గుడ్డు: సుమారు 6.5 గ్రాములు
• పాలు: సుమారు 6 గ్రాములు

మొత్తం 30. గుడ్డు, పాలు తీసేస్తే 17.5కు పడిపోతుంది. మిగతా 38 గ్రాములు ఇంట్లో తినాలి. ఖరీదైన తిండి అక్కర్లేదు. పొద్దున 100 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు (10), సాయంత్రం గుప్పెడు పల్లీలు (7), రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నం (7), గట్టి పప్పు (6), ఒక కప్పు పెరుగు (5). ఇక్కడికే 35 వచ్చింది. పొద్దున రొట్టెలోకి ఉడికించిన శనగలో, బొబ్బర్లో ఉంటే మిగతాది నిండిపోతుంది.

పప్పు అంటే గట్టి పప్పు. పైన తేరిన కట్టులో, పలచటి చారులో ప్రోటీన్ చాలా తక్కువ. ఇంట్లో అందరికీ వడ్డించి, చివర గిన్నె కడిగినట్టు మిగిలిన నీళ్ల పప్పు కోడలు తింటే ఆమెకు దక్కేది ఏమీ లేదు. గర్భిణికి ముందు వడ్డించండి. ఇది అత్తమ్మలకు ప్రత్యేకంగా మనవి.

6. బాలింత పథ్యం గురించి

చాలా ఇళ్లలో బాలింతకు పప్పు పెట్టరు, కుట్లు చీము పడతాయంటారు. గుడ్డు పెట్టరు, వేడి అంటారు. కారం పొడి, వెల్లుల్లి, కాస్త అన్నం మీద రోజులు గడిపిస్తారు. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ జరిగేది తారుమారు. కుట్లు మానాలంటే కొత్త చర్మం, కొత్త కండ పుట్టాలి. వాటిని కట్టేది ప్రోటీనే. పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, శుభ్రత లేకపోవడం వల్ల. పుండు ఎర్రబడినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా పప్పు మానడం కాదు, ఆస్పత్రికి పోవాలి.

నెయ్యి పెట్టడం మాత్రం మంచి అలవాటే. పూటకో చెంచా చాలు. గరిటెలు గరిటెలు పోయక్కర్లేదు.

7. పిల్లలకు

ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలు తప్ప ఇంకేదీ వద్దు. ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు బాలామృతం నెలకు రెండున్నర కిలోలు, గుడ్లు 16 ఇస్తారు. బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. అంటే ప్రోటీన్, కొవ్వు, శక్తి మూడూ కలిపిన పిండి. అది ఆ చిన్న బిడ్డ కోసమే. ఇంట్లో పెద్దవాళ్లు లడ్డూలు చేసుకుని తినేది కాదు.

చిన్న పిల్లల పొట్ట చిన్నది. ఎక్కువ పట్టదు. అందుకే తక్కువ ముద్దలోనే ఎక్కువ శక్తి ఉండాలి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో ఒక చెంచా నూనె లేదా నెయ్యి కలపండి. రెండేళ్లలోపు పిల్లలకు కొవ్వు తగ్గించాలనే ఆలోచన పెట్టుకోవద్దు. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం, కుర్‌కురే లాంటి ప్యాకెట్లు కొనివ్వడం మానండి. వాటితో ఆకలి చస్తుంది, పిల్లలు పెరగరు.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలోనే వేడి భోజనం, గుడ్డు పెడతారు.

8. ఏ నూనె? ఎంత?

తేలిక పని చేసే స్త్రీకి రోజుకు 20 గ్రాములు, మగవాళ్లకు 25 గ్రాములు, గర్భిణికి, బాలింతకు 30 గ్రాముల వరకు కనిపించే కొవ్వు చాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కొలిచేదెట్లా? లీటరు ప్యాకెట్‌లో సుమారు 910 గ్రాముల నూనె ఉంటుంది. ఆ లెక్కన ఒక ప్యాకెట్ గర్భిణికి నెల రోజులు, తేలిక పని చేసే ఇంకో ఆడమనిషికి నెలన్నర రావాలి. ఇందులో నెయ్యి, బయట తిన్న బజ్జీ, పూరీ నూనె కూడా కలిసే ఉంది. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో ఈ నెల లెక్క పెట్టి చూడండి.

• పల్లి నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు, తవుడు నూనె మార్చి మార్చి వాడితే మంచిది. ఒక్కో నూనెలో ఒక్కో రకం కొవ్వు ఉంటుంది.
• పామాయిల్‌లో దాదాపు సగం గట్టి రకం కొవ్వు. ఇది ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ధర తక్కువని అదొక్కటే ఏడాదంతా వాడొద్దు.
• ఒకసారి వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. నల్లబడినా, పొగ వచ్చినా, చిక్కబడినా పారబోయండి.
• విడి నూనె కొనొద్దు. సీలు ఉన్న ప్యాకెట్ తీసుకోండి, తేదీ చూడండి.

9. తరచూ అడిగే ప్రశ్నలు

పచ్చసొన తీసేసి తినమంటున్నారు, నిజమా?
వద్దు. గుడ్డులో ఉన్న ప్రోటీన్‌లో దాదాపు 40 శాతం సొనలోనే ఉంది. ఎ, డి విటమిన్లు, మెదడుకు పనికొచ్చే కొవ్వు కూడా అందులోనే. గర్భిణి, పిల్లలు గుడ్డు మొత్తం తినాలి. గుండె జబ్బు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగి తినండి.

గుడ్డు తింటే వేడి చేస్తుందా?
చేయదు. బాగా ఉడికించి తినండి. పచ్చి గుడ్డు తాగొద్దు.

ఎక్కువ తింటే బిడ్డ పెద్దగా అయి కాన్పు కష్టమవుతుందా?
ఈ భయంతో తక్కువ తినేవాళ్లు చాలామంది. సరిపడా తింటే బిడ్డ సరైన బరువుతో పుడుతుంది. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలత పాటించాలి.

ప్రోటీన్ పొడి డబ్బా కొనాలా?
డాక్టర్ రాసిస్తే తప్ప అక్కర్లేదు. ఆ డబ్బుకు పల్లీలు, పప్పులు, గుడ్లు కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతాయి.

మేం గుడ్డు తినం. ఎట్లా?
పాలు, పెరుగు, గట్టి పప్పు, పల్లీలు, సోయా పెంచండి. టీచరమ్మకు ముందే చెప్పండి.

పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది.
కొందరికి పాలు అరగవు. కొంచెం కొంచెంగా తాగి చూడండి. ఇంట్లో పెరుగు తినండి. తగ్గకపోతే ఏఎన్ఎమ్మమ్మకు చెప్పండి.

10. ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి పోవాలి?

గర్భిణికి ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి ఎక్కువైనా, కళ్లు మసకబారినా తిండి లోపమని సొంతంగా అనుకోవద్దు. బీపీ కావచ్చు, అదే రోజు పోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. బిడ్డ బరువు వరుసగా రెండు నెలలు పెరగకపోతే టీచరమ్మతో మాట్లాడి ఆస్పత్రిలో చూపించండి.

11. ఆ అక్కకు జవాబు

అక్కా, పెద్దోడికి గుడ్డు కావాలి, నిజమే. కానీ వాడి గుడ్డు వేరే ఉంది. వాడికి మూడేళ్లు నిండి ఆరేళ్లలోపు ఉంటే కేంద్రానికి తోలుకొనిరా, అక్కడే వేడి అన్నం, గుడ్డు పెడతారు. మూడేళ్లు నిండకపోతే నెలకు 16 గుడ్లు, బాలామృతం వాడి పేరు మీద వస్తాయి. బడికి పోయే వయసైతే సర్కారు బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎన్ని రోజులు పెడుతున్నారో సారును అడుగు. పేరు నమోదు కాలేదంటే ఈ రోజే రాయించు. టీచరమ్మతో మాట్లాడి పని కాకపోతే సూపర్‌వైజర్‌ను, ఆ పైన సీడీపీవోను అడగొచ్చు. అడగడానికి మొహమాటం వద్దు.

నీ చేతిలో ఉన్న గుడ్డు నీ పేరు మీద వచ్చింది గానీ అది నీ ఒక్కదానిది కాదు. కడుపులో ఉన్నోడు కేంద్రానికి నడిచి రాలేడు, పళ్లెం పట్టుకొని అడగలేడు. వాడికి తిండి చేరే దారి నువ్వొక్కదానివే.

గుర్తుంచుకోండి
• గుడ్డు, పాలు కేంద్రంలోనే తినండి, తాగండి.
• గుడ్డు సొనతో సహా తినండి.
• ప్రోటీన్ రోజూ పడాలి, దాచుకోలేం.
• అన్నం, పప్పు, కాస్త నూనె మూడూ కలిసి ఉండాలి.
• గర్భిణికి ముందు వడ్డించండి, గట్టి పప్పు వేయండి.
• పిల్లలందరి పేర్లూ అంగన్‌వాడీలో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

ఈ పాఠాన్ని మీ ఊరి గ్రూపులో, మీ సంఘం అక్కచెల్లెళ్లకు పంపండి. ఫోన్ లేని ఇంటికి వెళ్లి ఒకసారి చదివి వినిపించండి.